ఒంటి వేడి మీద తెచ్చిన డబ్బా

ఆడవాళ్ల సిగ్గు గురించి అందరూ మాట్లాడతారు. మగవాళ్ల సిగ్గు ఎలా ఉంటుందో చూడాలంటే మా ల్యాబుకు రావాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డులో, మెట్రో స్తంభాల నీడ పడే వరసలో ఉంటుంది. కింద మందుల షాపు, పైన కంప్యూటర్ కోర్సుల కోచింగ్ సెంటరు, మధ్య అంతస్తులో మేము. నేను అక్కడ మైక్రోస్కోప్ ముందు కూర్చోబట్టి చాలా ఏళ్లయింది. రక్తం, మూత్రం, కళ్లె, అన్నీ చూస్తాను. వాటితో పాటు పిల్లలు లేని దంపతుల్లో మగాయనకు చేసే వీర్య పరీక్ష కూడా నా బల్ల మీదికే వస్తుంది. మొదట్లో అది మా దగ్గరున్న మగ టెక్నీషియన్ పని. "ఏదోలా ఉంటోంది మేడం" అని మెల్లగా తప్పుకున్నాడు. రోజూ జనం మలం చూసేటప్పుడు లేని ఏదోలా అందులో ఏముందో నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు.

పద్ధతి ప్రకారం ఆ శాంపిల్ ల్యాబులోనే ఇవ్వాలి. అందుకోసం మెట్ల పక్కన ఓ చిన్న గది ఉంది. శుభ్రంగా ఉంటుంది, గొళ్లెం బాగా పడుతుంది, నేనే దగ్గరుండి చూసుకుంటాను. అయితే ఆ గదిలోకి వెళ్లాలంటే జనం కూర్చున్న హాలు దాటాలి. చేతిలో తెల్ల ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఆ కాస్త దూరం నడవమంటే మగవాళ్లకు ప్రాణం పోతుంది. ఫోను చూసుకుంటారు, గోడ మీద షుగరు వ్యాధి పోస్టరు మొదటి నుంచి చివరిదాకా చదువుతారు, ఆఫీసు నుంచి కాల్ వచ్చిందని కిందికి వెళ్లి మళ్లీ కనపడరు. అదే హాల్లో వాళ్ల భార్య కూర్చుని ఉంటుంది. అప్పటికి ఆవిడకు రక్త పరీక్షలన్నీ అయి ఉంటాయి, లోపలి స్కానింగ్ అయి ఉంటుంది, ముక్కూ మొహం తెలియని డాక్టర్లు ఎంతమంది ముందో పడుకుని లేచి ఉంటుంది. ఆవిడ సిగ్గు గురించి ఎవరూ అడగలేదు. చివరికి ఆవిడే లేచి కౌంటర్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతుంది. "ఇంటి దగ్గర నుంచి తెచ్చివ్వొచ్చా మేడం?"

తేవచ్చు. కాకపోతే దూరం ఎక్కువ ఉండకూడదు. వీర్యకణాలకు చలి పడదు, ఆలస్యం అసలు పడదు. కదలికలు తగ్గిపోతాయి, చచ్చిపోతాయి. అందుకని నేను ఒక మాట చెబుతాను. డబ్బా మూత గట్టిగా బిగించి, ఒంటికి తగిలేలా చొక్కా లోపల పెట్టుకుని, అరగంటలోపు తెచ్చివ్వండి అని. ఆ మాట మగాయన మొహం చూసే చెబుతాను. ఆయన బుద్ధిగా తల ఊపుతాడు. మర్నాడు చొక్కా రాదు, జాకెట్టు వస్తుంది.

ఎన్ని రకాలుగా తెస్తారో చెబితే నవ్వుతారు. జాకెట్లో పెట్టుకుని పైన కొంగు నిండుగా కప్పుకుని వచ్చేవాళ్లు, బుర్ఖా లోపల చంకలో ఇరికించుకుని చెయ్యి కదపకుండా మెట్లెక్కేవాళ్లు, బొడ్డు దగ్గర చీరలో దోపుకుని వచ్చేవాళ్లు. ఒకావిడ క్యారేజీలో కింది గిన్నెలో వేడి అన్నం పెట్టి, పై గిన్నెలో డబ్బా పెట్టి తెచ్చింది. "ఇలాగైతే ఉడికిపోతాయమ్మా" అని కోప్పడ్డాను. "చల్లారకూడదన్నారు కదండీ" అంది పాపం. ఇంటికొచ్చి మావారికి చెబితే ఆయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత అన్నం కలుపుకుంటుంటే ఒళ్లు మండింది. ఆ అన్నం వండింది ఆవిడే, ఆ డబ్బా సర్దింది ఆవిడే, ఎండలో బస్సెక్కి వచ్చింది ఆవిడే. ఆ మగమహారాజు చేసిందల్లా ఏంటో నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే నా కోపం ఎందుకో మీకు తెలియదు. మా దగ్గర ఆడవాళ్ల రిపోర్టులు ఎవరు బిల్లు చూపిస్తే వాళ్ల చేతిలో పెట్టేస్తారు. అత్తగారు రావచ్చు, ఆడబిడ్డ రావచ్చు, కారు డ్రైవరు రావచ్చు. కవరు కూడా ఉండదు, మడత పెట్టి ఇచ్చేయడమే. పెళ్లికాని అమ్మాయి గర్భ పరీక్ష రిపోర్టు వాళ్ల బాబాయి చేతికి ఇచ్చిన రోజు నేను కళ్లారా చూశాను. మగవాళ్ల వీర్య పరీక్ష రిపోర్టుకు మాత్రం గోధుమరంగు కవరు, దానికి జిగురు, ఆ జిగురు మీద స్టాంపు. ఆయన స్వయంగా రావాలి, లేదంటే ఆయన ఫోను నుంచి చెప్పాలి. డబ్బా మోసుకొచ్చిన భార్య అడిగినా ఇవ్వరు. అడిగితే మా మేనేజరు చొక్కా సర్దుకుని "పేషెంట్ ప్రైవసీ మేడం" అంటాడు. మనిషి ఒంట్లో సంగతి ఆ మనిషిదే అన్న నియమం మంచిదే. నేను దాన్ని గౌరవిస్తాను. కానీ మా మేనేజరుకు ఆ నియమం ప్యాంటు వేసుకున్నవాళ్లను చూసినప్పుడే గుర్తొస్తుంది.

అలా డబ్బా మోసుకొచ్చేవాళ్లలో ఒకావిడ బోరబండ నుంచి వచ్చేది. ముప్ఫైకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. అమీర్‌పేటలో చీరల షాపుల వెనక సందులో ఫాల్స్ కుట్టే చోట పని. భర్త ఏసీ మెకానిక్. పెళ్లై చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. ముందు ఆవిడ పరీక్షలన్నీ అయిపోయాయి, అన్నీ బాగానే ఉన్నాయి, అప్పుడు ఇంక గతిలేక భర్త వంతు వచ్చింది. మొదటిసారి డబ్బా తెచ్చిన రోజు నేరుగా నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, గోడ వైపు తిరిగి, జాకెట్లోంచి చేతిరుమాలు మూట తీసింది.

"జర తొందరగ చూడున్రి మేడం. చల్లారుతది" అంది.

డబ్బా వెచ్చగా ఉంది. శాంపిల్ ఇచ్చిన టైము ఆవిడే చీటీ మీద రాసి తెచ్చింది. అరగంట కాలేదు. టైముకు తెచ్చారు, కంగారు పడకండి అని పంపించాను. కాసేపు ఆగి, చుక్క తీసి స్లైడు మీద వేసి చూశాను. మామూలుగా అయితే లెన్సు కింద సంతలా ఉంటుంది, అటూ ఇటూ ఉరుకుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ. ఇక్కడ ఏమీ లేదు. స్లైడు జరుపుకుంటూ పోయాను. ఖాళీ. ఇంకో చుక్క వేశాను. ఖాళీ. అలాంటప్పుడు శాంపిల్‌ను మిషనులో వేసి గట్టిగా తిప్పి, అడుగున పేరుకున్నది తీసి చూడాలి. ఒకటీ అరా ఉంటే అందులో దొరుకుతాయి. అదీ చూశాను. ఒక్కటి కూడా దొరకలేదు.

ఇక్కడ ఒక విషయం మీకు స్పష్టంగా చెప్పాలి, మిగతా కథంతా దీని మీదే ఉంది. వీర్యకణాలు చచ్చిపోతే కదలవు. అంతే. అవి కరిగిపోవు, మాయమైపోవు. చచ్చిన చీమ నేల మీద ఎలా పడి ఉంటుందో అలా లెన్సు కింద పడి ఉంటాయి, తలా తోకా అన్నీ కనిపిస్తూ. ఆలస్యమైన శాంపిల్‌లో చచ్చినవి ఉంటాయి. ఆవిడ తెచ్చిన దాంట్లో చచ్చినవి కూడా లేవు. ఎవరు ఎంత వేగంగా తెచ్చినా, ఎంత వెచ్చగా తెచ్చినా, లేనివి రావు.

ఒక్కసారి చూసి తేల్చకూడదు కాబట్టి కొన్ని వారాలాగి మళ్లీ చేయించమని రిపోర్టులో రాస్తాం. మా డాక్టరుగారు సంతకం పెట్టే ముందు ఆ భర్తను పిలిపించారు. పెద్దాయన, నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందని భయపడే రకం. తలుపు వేసుకుని ఏదో చెప్పారు. భర్త బయటికొచ్చి కవరును నాలుగు మడతలు పెట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నా గుమ్మం దగ్గర ఆగి "థ్యాంక్స్ మేడం" అన్నాడు కూడా. మర్యాదగా ఉన్నాడు. పాపం, ఎంత భారంగా ఉందో అనుకున్నాను. అతని మీద అప్పుడు నాకు ఏ కోపమూ లేదు.

వారాలు గడిచి ఆవిడ రెండో డబ్బా తెచ్చిన రోజు రొప్పుతూ వచ్చింది. ఎర్రగడ్డ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే ఆటో దిగి, కొంత దూరం పరుగెత్తి, మళ్లీ ఇంకో ఆటో ఎక్కిందట. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది. రెండు చేతులూ గుండెల మీద అదిమి పెట్టుకునే ఉంది.

"ఈసారి చల్లారనియ్యలే మేడం. పోయినసారి నా దిక్కెల్లే ఖరాబైనయట గదా" అంది.

"ఎవరన్నారు?"

"మా ఆయన. నేను తెచ్చుట్ల లేటైందట, తొవ్వలనే అన్ని సచ్చిపోయినయట. మా అత్త సుత ఒకటే తిట్టుడు. గీ డబ్బ సుత సక్కగ మోస్తలేదు, రేపు పిల్లల ఏం మోస్తదని పక్కింటోల్ల ముందట అన్నది."

ఆ చివరి మాట ఆవిడ మామూలుగానే చెప్పింది, ఎవరో కూర బాగాలేదన్నట్టు. నాకు చెవులు వేడెక్కాయి. "మీరు పోయినసారి కూడా టైముకే తెచ్చారమ్మా. నేనే చూశాను కదా" అన్నాను.

"మీరు మంచోల్లు మేడం, గట్లనే అంటరు" అంది ఆవిడ. నా మాట నమ్మలేదు. ఇంట్లో అంతమంది ఒకటంటుంటే తెల్లకోటు వేసుకున్న పరాయి మనిషి మాట ఎందుకు నమ్ముతుంది. "ఫికర్ పెట్టుకోకున్రి, ఈసారి మస్తు గరం ఉన్నది సూడున్రి" అని డబ్బా నా చేతిలో పెట్టింది. నిజంగానే చాలా వెచ్చగా ఉంది.

చూశాను. తిప్పి చూశాను. అడుగున పేరుకున్నది చూశాను. అంతా మొదటిసారి లాగే ఉంది.

ఆ రోజు డాక్టరుగారి గదిలోకి నేనే వెళ్లాను. ఆవిడ తన వల్లే చచ్చిపోయాయని అనుకుంటోందండీ, ఆ ఇంట్లో ఆవిడను అదే మాట పట్టుకుని తింటున్నారండీ అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అతన్ని యూరాలజిస్టు దగ్గరికి వెళ్లమని చెబుతానమ్మా. భార్యకు చెప్పుకోవడమా మానడమా అతని ఇష్టం. మనం చెప్పకూడదు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. చెప్పకూడదు. పోయినసారి అతనికి ఏ మాటల్లో చెప్పారండీ అని అడిగాను. "మళ్లీ చేయించమన్నాను. ఇంటి నుంచి తెస్తే ఒక్కోసారి తేడా రావచ్చు, బాధపడకు అన్నాను" అన్నారు. ధైర్యం కోసం అన్నారట. మగవాడికి ధైర్యం చెప్పడానికి ఆయన వాడిన ఆ ఒక్క మాట బోరబండ చేరేసరికి ఏమైందో ఆయనకు తెలియదు. నేను చెబితే చాలా బాధపడ్డారు. బాధపడి కళ్లజోడు పెట్టుకున్నారు.

బయటికొస్తే మేనేజరు. విషయం అతని చెవిన పడింది. "మేడం, పర్సనల్ మ్యాటర్లలోకి పోవద్దు. లీగల్‌గా మనకు ప్రాబ్లం" అన్నాడు. అతను అలా అంటుండగానే కౌంటర్‌లో అమ్మాయి ఎవరో పేషెంటు థైరాయిడ్ రిపోర్టు ఆమె మరిదికి చదివి వినిపిస్తోంది. నేను అటు చెయ్యి చూపించాను. మేనేజరు చూశాడు. "బిల్లు ఉంది కదా మేడం అతని దగ్గర" అన్నాడు. అతన్ని ఏమనాలో నాకు నోటి దాకా వచ్చింది, ఇక్కడ రాయను. వెళ్లి నా కుర్చీలో కూర్చుని, సాయంత్రం దాకా మిగతా స్లైడ్లు చూశాను. పంజాగుట్ట బస్టాపులో నిలబడ్డప్పుడు కూడా అదే తిరుగుతోంది బుర్రలో. ఒక మనిషి తన చేతులారా ఏదో చంపానని అనుకుంటోంది. చావడానికి అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి ఆవిడకు తప్ప మా అందరికీ తెలుసు.

రెండో కవరు కూడా భర్తే వచ్చి తీసుకెళ్లాడు. అతనికి అసలు సంగతి తెలుసా లేదా అన్నదే నాకు తేలేది కాదు. న్యాయంగా ఆలోచించాలని చూశాను. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఉండే పొడుగాటి మాట డాక్టర్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మా డాక్టరుగారు సగం మాట లోపలే మింగేస్తారు. అతను నిజంగానే చల్లారిపోవడం వల్ల పాడయ్యాయని నమ్మి ఉండొచ్చు. అలా అనుకుంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

మళ్లీ ఆవిడను చూసింది ఒక మధ్యాహ్నం. డబ్బా లేదు. ఆవిడ రక్తమే ఇవ్వడానికి వచ్చింది. బేగంపేట వైపు ఏదో చిన్న నర్సింగ్ హోమ్ వాళ్లు రాసిన చీటీ, ఆపరేషన్‌కు ముందు చేయించే పరీక్షలన్నీ అందులో ఉన్నాయి. ఈసారి భర్త కూడా వచ్చి హాల్లో కూర్చున్నాడు. రక్తం తీసే అమ్మాయి భోజనానికి వెళ్లింది, నేనే తీశాను. చేతికి రబ్బరు పట్టీ కడుతూ ఏం ఆపరేషనమ్మా అని అడిగాను.

"పొట్టల కెమెరా పెట్టి చూస్తరట మేడం. ట్యూబులు కడుగుతరట."

"మీ పరీక్షలు బాగానే ఉన్నాయి కదా. మీ ఆయన రిపోర్టు అక్కడి డాక్టరు అడగలేదా?"

"అడిగిన్రు. శాంపిల్ రెండుసార్లు తొవ్వల ఖరాబైందని మా ఆయన చెప్పిండు. గట్లయితే ముందు ఆమెకు చేద్దాం అన్నరు." మళ్లీ తనే, "రెండుసార్లు నేనే ఖరాబ్ చేసిన గదా మేడం. మూడోసారి ఏం మొఖం పెట్టుకొని అడగాలె ఆయనను. అందుకనే నేనే చేయించుకుంట అన్న. తప్పు నాది గదా" అంది.

సూది బయటికి తీసి దూది అద్దాను. రెండు ట్యూబుల్లో ఆవిడ రక్తం నా చేతిలో ఉంది. ఆ నర్సింగ్ హోమ్ డాక్టరు మీద, మా డాక్టరుగారి మెతకదనం మీద, మేనేజరు స్టాంపుల మీద, ఆ అత్త నోటి మీద, అన్నిటి మీదా ఒకేసారి కోపం వచ్చింది. ట్యూబులు స్టాండులో పెట్టేశాను. ఆ నిమిషంలో నేను చెప్పకూడనిది ఏంటో, చెప్పదగింది ఏంటో చాలా స్పష్టంగా కనిపించింది. అతని రిపోర్టు అతనిది. నా పని మాత్రం నాది. నా పనిలో ఏం కనిపిస్తుందో ఎవరికైనా చెప్పే హక్కు నాకుంది.

"లోపలికి రండి. ఒకటి చూపిస్తాను" అన్నాను.

పేషెంట్లను లోపలికి రానివ్వకూడదు. రమ్మన్నాను. కొత్తగా చేరినవాళ్లకు చూపించడానికి మా దగ్గర రంగు వేసి ఎండబెట్టిన స్లైడ్లు కొన్ని ఉంటాయి. ఎప్పటివో, ఎవరివో, పేర్లు లేవు. అందులో ఒకటి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి, ఆవిడను నా కుర్చీలో కూర్చోబెట్టాను. మొదట ఆవిడకు తన కనురెప్పలే కనిపించాయి. లెన్సు సర్ది, ఇప్పుడు చూడండి అన్నాను.

"గివేంది మేడం, తోకలున్నయి."

"అవే. మగవాళ్ల వీర్యకణాలు."

ఆవిడ కన్ను తీయలేదు. "కదుల్తలేవు?"

"చచ్చిపోయాయి. చచ్చి ఏళ్లయింది. ఎండిపోయాయి కూడా."

"మరి మంచిగనే కనబడుతున్నయి గదా."

"కనబడతాయి. చల్లారినా కనబడతాయి. లేటైనా కనబడతాయి. చస్తే కదలవు, అంతే. ఎక్కడికీ పోవు. నేను మీకు మీ ఆయన రిపోర్టు చెప్పడం లేదు. అది నేను చెప్పకూడదు. నా పని ఎలా ఉంటుందో చెబుతున్నాను."

ఆవిడ అలాగే చూస్తూ ఉంది. పైన కోచింగ్ సెంటర్లో క్లాసు వదిలినట్టున్నారు, మెట్ల మీద బిలబిలమని దిగుతున్నారు పిల్లలు. ఆ సందడి అంతా పోయాక, లెన్సులోంచి కన్ను తీయకుండానే అడిగింది.

"నేను తెచ్చిన డబ్బల గిట్ల సచ్చినయి సుత ఉండెనా మేడం?"

"అది నేను చెప్పకూడదమ్మా" అన్నాను.

తల ఎత్తి నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చీరకు ఫాల్ పట్టేటప్పుడు అంచు సమంగా ఉందా లేదా అని చూస్తారే, అలా చాలాసేపు తన రెండు అరచేతులనూ చూసుకుంది.

"మా ఆయనకు గీ ముచ్చట ఎరుకేనా?"

"నాకు తెలియదు." అది నిజం. నాకు అప్పటికీ తెలియదు. "డాక్టరుగారు చెప్పింది సరిగ్గా అర్థం కాకపోయి ఉండొచ్చు" అన్నాను కూడా. ఎందుకు వెనకేసుకొచ్చానో. పెళ్లయిన ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మొగుణ్ని కాస్త కాపాడి మాట్లాడే అలవాటు మనకు ఉగ్గుపాలతో వస్తుంది కాబోలు.

ఆవిడ లేచింది. స్టాండులో ఉన్న ట్యూబుల వైపు చూసింది. "గవి నా రక్తమే గదా. మిషిన్ల పెట్టకున్రి" అంది.

"పెట్టను."

"పారేసేది సూస్త."

రెండు ట్యూబులూ తీసి, వాటి మీది పేరు చీటీలు చింపి, ఆవిడ చూస్తుండగా ఎర్ర సంచి వేసిన బుట్టలో పడేశాను. ఆవిడ మోచేతి దగ్గరి దూది తీసి అదే బుట్టలో వేసి, జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని, హాల్లోకి నడిచింది. భర్త తలెత్తి అయిపోయిందా అని అడిగాడు. ఆవిడ అతని ముందు నుంచే వెళ్లిపోయింది. అతని వైపు చూడలేదు, నడక ఆపలేదు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది.

అతను లేచి నా గుమ్మం దగ్గరికి వచ్చాడు. మొహం ఎర్రబడింది. హాల్లో జనం మా వైపు చూస్తున్నారు. కౌంటర్‌లోంచి మేనేజరు కూడా మెడ చాచాడు.

"ఏం చెప్పిన్రు మేడం మా ఇంటామెకు?" గట్టిగానే అడిగాడు.

నేనూ గట్టిగానే చెప్పాను. "ఎంత చల్లారినా మాయమైపోవు అని చెప్పాను."

అంతే అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మాట విన్న మనిషి ఎవరైనా ఏం అడగాలి? ఏవి మాయమైపోవు, దేని గురించి మాట్లాడుతున్నారు అని అడగాలి. నేను ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను. అడిగి ఉంటే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మా డాక్టరుగారు మింగేసిన మాటలన్నీ అతనికి తెలుగులో ఓపిగ్గా చెప్పేదాన్ని. దీనికి మంచి డాక్టర్లున్నారు, దారులున్నాయి, ఇందులో మీ తప్పేం లేదు, ఆవిడ తప్పూ లేదు అని చెప్పేదాన్ని.

అతను ఏవి అని అడగలేదు. వెనక్కి తిరిగి హాల్లో ఎవరైనా విన్నారేమో చూసుకున్నాడు. ఇంకో అడుగు ముందుకు వేసి, గొంతు బాగా తగ్గించాడు.

"మా అమ్మకు సుత చెప్తదంటరా మేడం?"

ఇన్నాళ్లూ నేను అతని కోసం దాచి ఉంచిన ఆ కాస్త అనుమానం అక్కడితో పోయింది. అంతా ఎరుకే. మొదటి కవరు జేబులో పెట్టుకున్న రోజు నుంచే ఎరుకే. తెలిసే ఆవిడను ఆటోల్లో పరుగెత్తించాడు, తెలిసే తల్లి చేత తిట్టించాడు, తెలిసే ఆవిడ పొట్ట కోయించడానికి తీసుకొచ్చి హాల్లో కూర్చున్నాడు.

"కింద రోడ్డు మీద ఉంటుంది. ఆవిడనే అడగండి" అన్నాను.